హజరత్ దగ్గర సబఖ్ (పాఠం) అయింది సరే, ఇంట్లో సంగతేంటి?

మన చిత్తూరు, తిరుపతి వైపు పిల్లవాడికి నాలుగేళ్లు దాటాయంటే చాలు, బిస్మిల్లా (ఖుర్ఆన్ అక్షరాభ్యాసం) ఎప్పుడు చేయిస్తారని ఇంట్లో పెద్దవాళ్లు మొదలుపెడతారు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చదివించడం మన దగ్గర పాత ఆనవాయితీ, అంతే. ఫర్జు (తప్పనిసరి విధి) కాదు, సున్నతు (ప్రవక్త ఆచరణ) కాదు. ఆ రోజు దాటిపోయిందని దిగులుపడేవాళ్లున్నారు, అక్కర్లేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. స్కూలు నాలుగున్నరకు వదులుతారు, ఆరుకు ట్యూషన్, మధ్యలో అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత మసీదులో ఖాయిదా (అరబీ అక్షరాల పుస్తకం), పిల్లవాడు మూడు చోట్లా ఆవలిస్తూ కూర్చుంటాడు. మనమేమో అక్కడ పాఠం చెప్పే హజరత్‌కు నెల నెలా ఫీజు ఇచ్చేస్తున్నాం కదా, దీన్ (మతం) సంగతి ఆయన చూసుకుంటాడులే అని చేతులు దులుపుకుంటాం. పాపం ఆయనకు దొరికేది రోజుకు ముప్పావు గంటో గంటో, ఎదురుగా గదినిండా పిల్లలు. అక్షరాలు నేర్పుతాడు, తజ్వీద్ (ఉచ్చారణ) సరిచేస్తాడు, దువాలు కంఠతా పట్టిస్తాడు. పక్కింటివాళ్లతో ఎలా మాట్లాడాలి, అప్పు తెచ్చిన వస్తువు ఎప్పుడు తిరిగివ్వాలి, తప్పు చేసినప్పుడు ఎలా ఒప్పుకోవాలి అన్నవి ఆయన చేతిలో లేవు. అవి ఇంట్లో జరగాలి. అందుకే నేను చెప్పేది ఒకటే పద్ధతి: ఈ వారం పిల్లవాడు అక్కడ ఏం చదివాడో కనుక్కోండి, దానికి ఇంట్లో ఒక పని చూపించండి. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు మక్తబ్ సంగతి

మక్తబ్ అంటే పిల్లలకు ఖుర్ఆన్ చెప్పే చోటు, దగ్గర్లో ఉందని చేర్చేయకండి. ఒకరోజు క్లాసు జరుగుతుండగా వెళ్లి కూర్చోండి. తలుపు తెరిచి ఉంటుందా, తల్లిదండ్రులు ఎప్పుడొచ్చినా రానిస్తారా, పక్కన బెత్తం ఉందా, చిన్నపిల్లల్ని ఒక్కరినే గదిలో ఉంచుతారా, చూడండి. ‘మాంసం మీది, ఎముకలు మావి’ అని పిల్లవాడిని ఉస్తాదుకు అప్పగించే కాలం పోయింది, పోవాలి కూడా. కొట్టే చోట మాన్పించండి, మొహమాటపడొద్దు. దెబ్బలతోనో ఇంకోలా ఇబ్బంది పెట్టడంతోనో పిల్లవాడికి కష్టం కలిగిందని తెలిస్తే 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్. పరువు పోతుందని మసీదు కమిటీలోనే సర్దుకుపోతే తర్వాతి పిల్లవాడి మీద పడుతుంది.

ఆడపిల్లలకు దగ్గర్లో ఇంట్లోనే చెప్పే ఆపా (టీచరమ్మ) ఉంటే మంచిది. ఆన్‌లైన్ క్లాసయితే ఫోనో ల్యాప్‌టాపో హాల్లో పెట్టండి, తలుపేసిన గదిలో వద్దు.

మరో మాట. మన పిల్లలకు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాటలు వస్తాయి, కానీ చదువు ఇంగ్లీషు మీడియం కాబట్టి ఉర్దూ చదవడం రాదు, జుమా (శుక్రవారం) రోజు బయాన్‌లో, అంటే ప్రసంగంలో, గట్టి ఉర్దూ పదాలొస్తే తలూపుతారు తప్ప అర్థం కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల పిల్లలకైతే ఇంకా దూరం. అర్థం తెలుగులో చెప్పండి, ఇందులో తక్కువతనం ఏమీ లేదు. ఖుర్ఆన్‌కు తెలుగు అనువాదాలు దొరుకుతాయి, ఒకటి ఇంట్లో ఉంచుకుని పిల్లవాడు చదివిన సూరా (అధ్యాయం) అర్థం ముందు మీరు చదవండి.

సూరాకు ఒక పని

నూరానీ ఖాయిదాయో యస్సర్నల్ ఖుర్ఆనో పూర్తయ్యాక పిల్లలు అమ్మ పారాకు వస్తారు. అది ఖుర్ఆన్‌లో 30వ పారా (భాగం), 78వ సూరా నుంచి 114 దాకా మొత్తం 37 సూరాలు, చివర్లో అన్నీ చిన్నవి. ఎక్కువమంది పిల్లలకు సూరె ఫీల్ నుంచి నాస్ దాకా ఉన్న పది ముందుగా నోటికొస్తాయి, ఎందుకంటే నమాజులో అవే పనికొస్తాయి. ఇక్కడే మన పని మొదలు.

సూరె మాఊన్ తీసుకోండి. ఏడే ఆయత్‌లు (వాక్యాలు). అనాథను గెంటేసేవాడి గురించి, పేదవాడికి అన్నం పెట్టమని చెప్పనివాడి గురించి, నలుగురు చూడాలని నమాజు చేస్తూ చిన్నపాటి వాడుక వస్తువు కూడా ఎరువివ్వని వాళ్ల గురించి చెప్పి, అలాంటి నమాజీలకు వినాశనమంటుంది. పిల్లవాడు దీన్ని ఇరవై సెకన్లలో గడగడా అప్పజెబుతాడు, మనం మాషా అల్లా అంటాం, అయిపోతుంది. అలా కాకుండా ఆ వారమంతా ఎవరైనా వచ్చి నిచ్చెనో, స్క్రూడ్రైవరో, గ్లాసు పంచదారో అడిగితే వాడి చేతే ఇప్పించండి. ఇచ్చాక ‘ఇదే నువ్వు పొద్దున చదివింది’ అని ఒక్క మాట అనండి. అంతకు మించి లెక్చర్ వద్దు. ఆ ఒక్క మాట చాలు.

హుమజా వచ్చినప్పుడు పేర్లు పెట్టి ఏడిపించడం గురించి మాట్లాడండి, క్లాసులో ఎవరిని ఏమని పిలుస్తున్నారో అడిగితే బోలెడు కథలు బయటికొస్తాయి, అందులో మీవాడు పెట్టిన పేర్లూ ఉంటాయి. ఆ వారం పని: ఇంట్లో ఎవరూ ఎవరినీ పొట్టి, నల్ల, బండ అని పిలవకూడదు, పిలిస్తే అబ్బాకైనా సరే రెండు రూపాయలు జరిమానా, డబ్బు సద్‌ఖా (దానం) డబ్బాలోకి. ఖురైష్ వచ్చినప్పుడు అన్నం. ఆకలికి అన్నం పెట్టి, భయం నుంచి కాపాడినవాడిని ఆరాధించమంటుంది ఆ సూరా. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం అన్నానికి ఎన్నడూ వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే వదిలేసేవారని హదీసు (ప్రవక్త మాటలు, పనుల గురించిన కథనం) ఉంది. ఆ వారం ‘ఉప్పు తక్కువైంది’ అనే మాట భోజనాల దగ్గర రాకూడదు, పెద్దవాళ్లకూ వర్తిస్తుంది, అసలు కష్టం అక్కడే.

కాస్త పెద్ద పిల్లలకు సూరె లుఖ్మాన్, 12 నుంచి 19 ఆయత్‌ల దాకా, నెమ్మదిగా చెప్పండి. తండ్రి కొడుకుకు చెప్పే మాటలు అవి. అల్లాహ్‌కు సాటి కల్పించవద్దని మొదలై, అమ్మానాన్నల పట్ల కృతజ్ఞత, నమాజు, ఓర్పు, జనాల ముందు మొహం తిప్పుకోకుండా ఉండటం, గర్వంగా నడవకపోవడం వరకు వెళ్లి, గొంతు తగ్గించు, గొంతుల్లోకెల్లా వికారమైంది గాడిద గొంతు అని ముగుస్తాయి. పిల్లలు అక్కడ పగలబడి నవ్వుతారు, నవ్వనివ్వండి. మధ్యలో ఆవగింజ మాట వస్తుంది: నువ్వు చేసింది ఆవగింజంతే అయినా, బండరాయిలో దాగినా ఆకాశాల్లో ఉన్నా అల్లాహ్ బయటికి తెస్తాడు అని. అప్పుడు పోపుల డబ్బా తీసి ఒక్క ఆవగింజ వాడి అరచేతిలో పెట్టండి. దాన్ని కింద పడేసి వెతకమనండి. మోకాళ్ల మీద కూర్చుని గచ్చంతా తడిమి వెతుకుతాడు, దొరకదు, దొరికినా అది వేరే ఆవగింజ అంటాడు. ఆ ఆయత్ మళ్లీ వివరించాల్సిన పని ఉండదు.

నమాజు

ఏడేళ్లకు పిల్లలకు నమాజు చెప్పండి, పదేళ్లకు మానితే దండించండి అన్న హదీసు అందరికీ తెలుసు. కానీ మనవాళ్లకు రెండో సగమే గుర్తుంటుంది. ఏడుకూ పదికీ మధ్య మూడేళ్లున్నాయి, రోజుకు ఐదు పూటల లెక్కన ఐదు వేలకు పైగా సార్లు మంచిగా పిలవాలన్నమాట. అన్నిసార్లు పిలిచి, పక్కన నిలబెట్టుకుని చదివిన ఇంట్లో దండించే అవసరం ఎంతవరకు వస్తుందో మీరే ఆలోచించండి. పైగా ఆ దండనకు కూడా గాయం కాకూడదు, మొహం మీద కొట్టకూడదు అని ఉలమా (మత పండితులు) హద్దులు పెట్టారు. యుద్ధంలో తప్ప ప్రవక్త తన చేత్తో ఎవరినీ కొట్టలేదని ఆయన భార్య హజ్రత్ ఆయిషా చెప్పారు. పదేళ్లు ఆయన దగ్గర పనిచేసిన హజ్రత్ అనస్, ఒక్కసారి కూడా ‘ఉఫ్’ అనలేదన్నారు. పిల్లల మీద చేయెత్తే ముందు ఈ రెండూ కూడా గుర్తుకు రావాలి.

మొదలుపెట్టడానికి మగ్రిబ్ (పొద్దుగూకిన వెంటనే చేసే నమాజు) మంచిది. మూడు రకాతుల ఫర్జు, తొందరగా అయిపోతుంది, చాలా ఇళ్లలో ఆ టైముకు అందరూ ఉంటారు. అది నిలబడ్డాక ఇషా (రాత్రి), తర్వాత స్కూలు నుంచి రాగానే అసర్, ఫజర్ (తెల్లవారుజాము) చివర్న. ఏడు నిండని పిల్లలు చాప మీద దొర్లినా, మీ వీపెక్కినా ఊరుకోండి. సజ్దాలో (నుదురు నేలకు ఆనించినప్పుడు) మనవడు వీపెక్కితే వాడు దిగేదాకా ప్రవక్త సజ్దా పొడిగించారని హదీసుల్లో ఉంది. మసీదులో మాత్రం ఎవరో ఒక పెద్దమనిషి ‘పిల్లల్ని ఎందుకు తెస్తారు’ అని కసురుకుంటాడు. మీరు పిల్లవాడిని సఫ్ (వరుస) చివర పక్కన నిలబెట్టుకోండి, బయల్దేరే ముందే రూల్స్ చెప్పండి, పెద్దాయనకు సలాం చెప్పండి, ఆయనా కరుగుతాడు.

వుజూ (నమాజుకు ముందు మొహం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) గురించి ఒకటి. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని నిలబడే ఊళ్లు మనవి, అయినా మన మసీదుల్లో కొళాయి పూర్తిగా తిప్పేసి తీరిగ్గా పళ్లు తోముకునేవాళ్లను చూస్తాం. ప్రవక్త ఒక ముద్ నీళ్లతో వుజూ చేసేవారు, అంటే సుమారు ముప్పావు లీటరు. పిల్లవాడి చేతికి లీటరు వాటర్ బాటిల్ ఇచ్చి దాంతో వుజూ పూర్తి చేయమనండి. మొదటిసారి మోచేతులకే అయిపోతాయి. నాలుగైదు రోజుల్లో కాళ్లు కడిగాక కూడా మిగుల్తాయి, వాడే వచ్చి బాటిల్ చూపిస్తాడు. మీరూ ఒకసారి చేసి చూడండి, వాడి ముందే.

ఖుర్ఆన్ చదవడాన్ని శిక్షగా ఎప్పుడూ వాడకండి. ‘తమ్ముడిని కొట్టావు కదా, కూర్చుని యాసీన్ చదువు’ అంటే యాసీన్ వినబడినప్పుడల్లా ఆ మూల, ఆ ఏడుపే గుర్తొస్తాయి. ‘ఒక పేజీకి అరగంట ఫోన్’ బేరం కూడా అంతే, రెండు నెలలకు రేటు పెంచుతారు. పారా పూర్తయినప్పుడు వాడికిష్టమైనదేదో కొనిపెట్టడం వేరు, అది చేయండి.

ఇక నరకం భయం. నానీలు, దాదీలు ప్రేమతోనే అంటారు, ‘అన్నం పారేస్తే అల్లా కళ్లు తీసేస్తాడు’, ‘అబద్ధమాడితే జహన్నుమ్‌లో పడతావు’ అని, ఐదేళ్ల పిల్ల రాత్రి లేచి ఏడుస్తుంది. యుక్తవయసు వచ్చేదాకా పిల్లల పాపం రాయబడదని హదీసే చెబుతోంది, కాబట్టి చిన్నపిల్లకు ఈ బెదిరింపు జాలి లేనిదే కాదు, లెక్క ప్రకారం తప్పు కూడా. పెద్దామెను నొప్పించకుండా పక్కకు తీసుకెళ్లి చెప్పండి. దజ్జాల్, ఖియామత్ (ప్రళయం) అంటూ యూట్యూబ్‌లో వచ్చే షార్ట్స్ కూడా అదే బాపతు, మ్యూజిక్ పెట్టి భయపెడతారు, చూడనివ్వకండి.

మన నోటి సంగతి

చీటీ డబ్బుల మనిషి ఫోన్ చేస్తాడు. ‘అబ్బా ఇంట్లో లేడని చెప్పు’ అంటాం, పక్కనే కూర్చుని. తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో పన్నెండు దాటిన పిల్లవాడికి హాఫ్ టికెట్ అడుగుతాం, వాడు సీట్లో ముడుచుకుని చిన్నగా కనిపించాలని చూస్తాడు. హజరత్ నెల రోజులు నిజాయితీ మీద చెప్పింది ఆ ఒక్క టికెట్‌తో పోతుంది, మిగిలింది ఎంత చూసుకోండి.

ఇంకొకటి మనకు తెలియకుండానే చేస్తాం. సైకిల్ కొనివ్వమంటే, కొనే ఉద్దేశం లేకపోయినా ‘ఇన్షా అల్లా కొందాం’ అంటాం. నాలుగుసార్లు అయ్యేసరికి ఇన్షా అల్లా అంటే కొనరని అర్థం చేసుకుంటారు పిల్లలు. ఒక తల్లి చిన్నపిల్లవాడిని ‘రా, ఒకటిస్తా’ అని పిలిస్తే, ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త అడిగారు. ఖర్జూరం అందామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ మీద అబద్ధం రాయబడేది అన్నారు. కొనలేనప్పుడు ‘ఈ సంవత్సరం డబ్బుల్లేవు నాన్నా’ అనేయండి. ఏడుస్తారు, రెండు రోజులకు మర్చిపోతారు, మీ మాట మీద నమ్మకం మాత్రం మిగులుతుంది.

ఇంట్లో పని కూడా అంతే. అన్నయ్య టీవీ ముందు, చెల్లెలు గిన్నెల దగ్గర ఉంటే మీరు చెప్పే న్యాయం ఎవరికీ ఎక్కదు. ప్రవక్త ఇంట్లో ఇంటివాళ్ల పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు లేచి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా చెప్పింది మగపిల్లలకు వినిపించి చీపురు చేతికివ్వండి.

పక్కింటి లడ్డు

తిరుపతిలో ఉన్నాక ఇది తప్పదు. పక్కింటి అక్క కొండకు వెళ్లొచ్చి, కవర్లో లడ్డు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. తలుపు తీసేది పిల్లవాడు. వాడికి ముందే చెప్పి ఉంచకపోతే లోపలికి చూసి ‘అమ్మీ, ఇది మనం తినకూడదు కదా’ అని గట్టిగా అరుస్తాడు, ఆమె మొహం చిన్నబోతుంది. పూజలో పెట్టింది చాలా ఇళ్లలో తినరు, మీ ఇంటి పద్ధతి ఏదో మీరు నమ్మే ఆలిమ్‌ను (మత పండితుడిని) అడిగి తేల్చుకోండి. కానీ తలుపు దగ్గర మర్యాద అందరికీ ఒకటే. కుడిచేత్తో తీసుకోవాలి, ‘థాంక్స్ అక్కా, కూర్చోండి’ అనాలి. తినని ఇల్లయితే దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, కళ్లకద్దుకుని తినేవాళ్లెవరికైనా ఇవ్వాలి. బాగా చనువున్న ఇల్లయితే పెద్దవాళ్లే ఒకసారి నెమ్మదిగా, ‘పూజలో పెట్టింది మేం తినం అక్కా, మీరు అభిమానంగా తెచ్చారు’ అని చెప్పేస్తే ఆమె ఏమీ అనుకోదు, తర్వాతిసారి అరటిపళ్లు తెస్తుంది.

మనవైపు నుంచి కూడా నేర్పాలి. పులుసు వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువాళ్లకు పంపమని ప్రవక్త తన సహచరుడు హజ్రత్ అబూజర్‌తో అన్నారు. మరో సహచరుడు హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ తన ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగాయనకు పంపారా అని మళ్లీ మళ్లీ అడిగారు. పంపే ముందు వాళ్లేం తింటారో తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే. శనివారం నీచు ముట్టని ఇళ్లు మన దగ్గర ఎక్కువ, తమిళ పెరటాసి నెలలో మరీనూ. ఆ రోజు బిర్యానీ డబ్బా పట్టుకెళ్తే ఇబ్బంది పెట్టినట్టే, షీర్ ఖుర్మా (సేమియా పాయసం) పంపండి. ఏ ఇంటికి ఏది అన్న లిస్టు పిల్లల చేతే రాయించండి, చాలా శ్రద్ధగా రాస్తారు.

స్కూల్లో ‘మీ దేవుడు గొప్పా మా దేవుడు గొప్పా’ గొడవ ఒకనాడు వస్తుంది. ఇతరులు ప్రార్థించేవాటిని తిట్టవద్దని ఖుర్ఆన్‌లోనే ఉంది, 6వ సూరా 108వ ఆయత్. అది పిల్లవాడికి ముందే తెలిసి ఉండాలి. ‘మాకు అల్లాహ్ ఒక్కడే, నీ దేవుడిని నేను ఏమీ అనను’ అంటే సరిపోతుంది. ఎవరైనా మతం పేరుతో వాడినే ఏడిపిస్తే తిరిగి తిట్టకుండా ఇంటికొచ్చి చెప్పమనండి, మర్నాడు మీరే వెళ్లి టీచర్‌తో మాట్లాడండి, ఫోన్లో కాదు, ఎదురుగా. పూజ, బొట్టు లాంటి విషయాలు కూడా ఏడాది మొదట్లోనే టీచర్‌కు చెప్పి ఉంచితే పిల్లవాడు అందరి ముందు నిలబడాల్సిన అవసరం రాదు.

రంజాన్, డబ్బు, పదో తరగతి

చిన్నపిల్లలకు మధ్యాహ్నం దాకా రోజా (ఉపవాసం) చాలు. రోజా కుషాయీకి (మొదటి రోజా వేడుక) పూలదండలు, ఫొటోలు వేసుకోండి కానీ, ఎవరు ఎన్ని ఉన్నారని పిల్లల మధ్య పోటీ పెట్టకండి, దొంగచాటుగా నీళ్లు తాగి ఉపవాసం అని చెప్పడం అక్కడే మొదలవుతుంది. ఫిత్రా (ఈద్ దానం) పిల్లల తరఫున కూడా ఇస్తాం కాబట్టి వాడి వంతు వాడి చేతే, ఈద్ నమాజుకు ముందే ఇప్పించండి. లెక్కలు వచ్చిన పిల్లలకు జకాత్ లెక్క చూపించండి, రెండున్నర శాతం, వెయ్యికి పాతిక. ఈదీ (పండగ కానుక) డబ్బుల్లో ఎంత ఇవ్వాలో మాత్రం వాళ్లనే తేల్చుకోనివ్వండి, పది రూపాయలే ఇచ్చినా పెదవి విరవొద్దు.

ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో నమాజు లేదు, రోజా లేదు, రోజాలు మాత్రం తర్వాత ఉండి తీర్చాలి. ఇది తల్లి ముందే చెప్పాలి, అప్పుడు కాదు. ఇంట్లో మగపిల్లలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: అక్క ఈరోజు సహరీకి (తెల్లవారుజాము భోజనానికి) ఎందుకు లేవలేదని ఎవరూ అడగకూడదు. ఆమె పగలు తినడానికి వంటింట్లో చాటుగా నిలబడే పరిస్థితి రాకుండా చూడండి.

రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో పదో తరగతి పరీక్షలు సరిగ్గా ఆ నెలలోనే పడ్డాయి, ఇళ్లలో పెద్ద చర్చలే జరిగాయి. యుక్తవయసు వచ్చినవాళ్లకు రోజా ఫర్జు కాబట్టి పరీక్ష ఉందని మీరే మాన్పించేయకండి, అలాగని తల తిరుగుతున్నా ఉండి తీరాలని పట్టుబట్టకండి, ఆరోగ్యం బాగోలేని పిల్లల విషయం ముందే డాక్టరునూ ఆలిమ్‌నూ అడగండి. ఉండేవాళ్లకు నిద్రే సమస్య. తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజు) తర్వాత ఫోన్ తీసేసుకుని పదిన్నరకల్లా పడుకోబెట్టండి, సహరీలో వేపుళ్లు, పచ్చళ్లు కాకుండా పెరుగన్నం, గుడ్డు, అరటిపండు, రెండు మూడు గ్లాసుల నీళ్లు ఇవ్వండి. ఫజర్ తర్వాత తల తేటగా ఉంటుంది, కష్టమైన చాప్టర్లు అప్పుడు చదివించండి. పరీక్ష రాసి వచ్చాక ఎండలో తిరగకుండా గంటసేపు పడుకోనివ్వండి, ఆరోజు ఇఫ్తార్ పని వాడికి చెప్పకండి.